మూడో నంబరు పాకం

"ఆ పాకం దొరికిందా లేదా? సూటిగా చెప్పు," అన్నాడు సైరిల్.

"దొరికింది గురువుగారూ," అన్నాడు డెరిక్. నోరు జారాక ఇక వెనక్కి తీసుకునే ధైర్యం లేకపోయింది.

సైరిల్ వంటింటి బల్ల మీద వాళ్ళిద్దరి మధ్యా నల్లటి బీరు సీసా ఉంది. శనివారం సైరిల్‌కి ఎనభై నిండుతాయి. ఇంగ్లండులోని డడ్లీ ఊళ్ళో బీరు కార్ఖానా నడిచినన్నాళ్ళూ, నలభై ఏళ్ళపాటు, ఆయన నాలుక మీద వేసుకుని తల ఊపితేగాని ఒక్క పీపా గేటు దాటేది కాదు. కార్ఖానా మూతపడింది. మొన్న క్రిస్మస్‌కి పబ్బులో ఆయన ఉన్నట్టుండి, "మన పాత మైల్డ్ ఒక్క గుటక పడితే చాలురా, అన్నీ సర్దుకుంటాయి," అన్నాడు. ఇంట్లో బీరు కాయడం ఆయన దగ్గరే నేర్చుకున్న డెరిక్, నేను కాస్తానని అందరి ముందూ మాటిచ్చేశాడు.

మైల్డ్ అనే ఆ తేలికపాటి నల్ల బీరుకి ప్రాణం మూడో నంబరు పాకం. పంచదారలో చిటికెడు పులుపు వేసి, గంటల తరబడి సన్నటి సెగ మీద నల్లద్రాక్ష రంగు వచ్చేదాకా కాచిన పాకం. చేసే కంపెనీ దాన్ని కార్ఖానాలకే అమ్ముతుంది, అదీ లారీల లెక్కన. రెండు సీసాలు కావాలని డెరిక్ ఫోను చేస్తే అవతలి అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. సరే, తనే కాద్దామని పొయ్యి దగ్గర నిలబడ్డాడు. మూడో గంటలో చెల్లెలు ఫోను చేసింది. ఆమె మోకాళ్ళ నొప్పుల కథ ముగిసేసరికి గిన్నె బొగ్గయింది. అప్పటికి పుట్టినరోజుకి మిగిలింది మూడు వారాలు. కిరాణా కొట్టుకెళ్ళి ఒక డబ్బా పంచదార సిరప్పూ, ఒక డబ్బా ట్రీకిలూ తెచ్చి కలిపి పోసేశాడు.

ట్రీకిల్ అంటే మన బెల్లప్పాకానికి నల్లటి అన్న. అది బీరులో చుక్క ఉన్నా సైరిల్ పట్టేస్తాడని ఇంట్లో బీరు కాసేవాళ్ళ క్లబ్బులో అందరికీ తెలుసు. అయిదేళ్ళ కిందట పెర్సీ అనే ఆయన తెచ్చిన సీసా ఒక్క గుటక తాగి, "ఇది అల్లం కేకులో వేసుకోవయ్యా, బీరులో కాదు," అన్నాడు. పెర్సీ అప్పట్నుంచీ సొంత బీరు తేవడమే మానేశాడు.

"ముందు టీ తాగుదాం," అని సైరిల్ రెండు కప్పులు పోశాడు.

డెరిక్ ఒక గుటక వేసి కప్పు కింద పెట్టేశాడు. పాలు పులిశాయి. సైరిల్ మాత్రం తన కప్పు అడుగుదాకా తాగాడు. భార్య పోయాక ఒంటరి బతుకు, పాలు పారబోయడానికి చేతులు రావడం లేదు కాబోలని డెరిక్ జాలిపడ్డాడు.

తర్వాత సీసా తెరిచారు. సైరిల్ గ్లాసు కిటికీ వెలుగులో పెట్టి చూశాడు, వాసన చూశాడు, గుటక వేశాడు.

"ముందు నువ్వు చెప్పు. ఏమేం తగుల్తున్నాయి?" అన్నాడు సైరిల్, పాఠం అప్పజెప్పమన్నట్టు.

"ఎండుద్రాక్ష. కాస్త మాడిన పంచదార. చివర్లో చిరుచేదు."

సైరిల్ కళ్ళు మూసుకున్నాడు. "అదేరా. మన మైల్డే," అన్నాడు.

బతికిపోయానని డెరిక్ గేటు దాటేదాకా సంబరపడ్డాడు. వీధి మలుపు తిరిగేసరికి సిగ్గు పట్టుకుంది.

శనివారం పబ్బులో అది పదింతలైంది. సైరిల్ గ్లాసెత్తి లేచి, "ఎండుద్రాక్ష, మాడిన పంచదార, చివర్లో చిరుచేదు. ట్రీకిల్ చుక్క లేదు. నలభై ఏళ్ళు నేను గేటు దాటించిన బీరు ఇదే," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పబ్బు నడిపే మావిస్, "దీన్ని జిల్లా పోటీకి పంపుదాం. సీసా మీద 'సైరిల్ ఒప్పుకున్న బీరు' అని రాయిస్తా," అంది.

అంతలో పెర్సీ పక్కకొచ్చి, "ఆ పాకం ఒక చిన్న సీసాడు ఇస్తావా? ఈసారి సరిగ్గా కాస్తాను," అని మెల్లగా అడిగాడు.

డెరిక్‌కి భూమిలోకి కుంగిపోదామనిపించింది. చూద్దాంలే అని తప్పించుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే డెరిక్ వెళ్ళి సైరిల్ ఇంటి తలుపు తట్టాడు. కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"అది మూడో నంబరు కాదు గురువుగారూ. నేను కాచింది మాడిపోయింది. కొట్లో కొన్న సిరప్పు, ట్రీకిలు. సగానికి సగం ట్రీకిలే."

సైరిల్ బల్ల మీది ఖాళీ టీ కప్పు చేతిలోకి తీసుకున్నాడు.

"మీ పేరు సీసా మీదకి ఎక్కకముందే చెప్పాలని వచ్చాను. నలభై ఏళ్ళు తప్పు చెప్పని నాలుకని మోసం చేశాను. నలుగురిలో మిమ్మల్ని అబద్ధమాడించాను. తిట్టండి, పడతాను."

సైరిల్ చెవులు ఎర్రబడ్డాయి. కోపమే అనుకున్నాడు డెరిక్. కానీ ఆయన తల దించుకుని ఖాళీ కప్పు అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

"పెర్సీకి నేనే చెప్తాను," అన్నాడు డెరిక్. "మావిస్‌కీ చెప్తాను. మీరు పట్టుకోలేకపోయారంటే నమ్మరు. నాకే నమ్మబుద్ధి కావడం లేదు."

"చెప్పకు," అన్నాడు సైరిల్. తల ఎత్తలేదు.

"ఏం?"

"నా నాలుకకి రుచి పోయి ఏడాదైందిరా."