కాగితం మీద లేని ఖాళీ

“నా తమ్ముణ్ణి మీరే సంపిండ్లు!” దేవవ్వ కాలిపోయిన స్టార్టర్ బోర్డును ఎల్లారెడ్డి ఊళ్లోని మోటార్ల దుకాణంలో బల్ల మీద విసిరికొట్టింది. “పొలం కాడ మోటరు డబ్బా ముట్టుకున్నడు, అంతే. ఇంటికి శవం వచ్చింది.”

దుకాణం నడిపే భూపాల్ తల ఎత్తలేదు. “నాదేం లేదవ్వా. పోయిన నెలనే చేసిన. కంప్యూటర్ల గీసింది గీసినట్టే ప్రింటు తీసి, ఆ గీతలు రాగిరేకుకు అంటేటట్టు ఇస్త్రీ పెట్టిన. ఆ ప్రింటు తీసేది అందరు కలిసి రాసే ఫిరీ సాఫ్ట్‌వేర్. తప్పెవనిదని పట్టుకుంటం?”

పొద్దున్నే కబురందుకుని కామారెడ్డి నుంచి వచ్చిన సాయిలత బోర్డు తిప్పి చూసింది. ఆ గీతలు గీసి పంపింది ఆమే; ఆ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లలోనూ ఒకతె. తెర మీద కరెంటు గీతకూ ఇనుప డబ్బాకు పోయే గీతకూ మధ్య బియ్యపు గింజంత ఖాళీ ఉంది. సాఫ్ట్‌వేర్‌లోని తప్పు వల్ల ప్రింటులో అది వెంట్రుకంత అయింది. వాన చెమ్మకు కరెంటు దాన్ని దాటి డబ్బాకు ఎక్కింది.

“ఆ తప్పు నాకెర్కే,” అంది. “మూడు నెలల కింద పట్టుకున్న. నా లాప్‌టాప్‌ల మట్టుకు సరిచేసుకున్న.”

“మరి అందరికి పంపలే?” భూపాల్ లేచాడు.

“నేను రాసింది వంకరగ ఉండె. పని తెలిసినోళ్లు చూస్తే నవ్వుతరని... ఇంకింత మంచిగ రాసి పంపుదామని...”

దేవవ్వకు సాఫ్ట్‌వేర్ అర్థం కాలేదు. మూడు నెలలు అర్థమైంది.

“గిసోంటి బోర్డులు ఇంకెన్నున్నయి?”

“బీర్కూర్ల నాలుగు, డోంగ్లిల ఏడు,” అన్నాడు భూపాల్.

“భూపాలూ, నువ్వు ఫోన్లు కొట్టు, డబ్బాలు ముట్టద్దని చెప్పు. నువ్వు, బిడ్డా, వంకరదైతే వంకరదే, ఉన్నదున్నట్టు అందరికి పంపు. ఇప్పుడే, నా కండ్ల ముందల.”