డాక్టరుగారి ఎడమ జబ్బ

“మందుల షాపువాళ్ల చేత సూది పొడిపించుకోమంటావా? నేనా?” అన్నారు డాక్టర్ సాంబశివరావు.

ముప్ఫై ఏళ్లు ఇంగ్లండు ఆసుపత్రుల్లో కడుపులు కోసి, కుట్టి, రిటైరై ఇల్ఫర్డ్‌లో స్థిరపడిన సర్జన్ ఆయన. ఉద్యోగం రిటైరయింది గానీ ఠీవి ఇంకా డ్యూటీలోనే ఉంది. టీలో చక్కెర తగ్గినా సరే, ఇంట్లోవాళ్లు జూనియర్ డాక్టర్లలా వరసగా నిలబడి సంజాయిషీ చెప్పుకోవాల్సిందే.

ఫోన్లో ఉన్నది కూతురు హైమ. గ్లాస్గోలో ఆమెకు నెల తక్కువగా ఆడపిల్ల పుట్టింది. గుప్పెడంత పిల్ల. ఫ్లూ టీకా వేయించుకోనివాళ్లు ఆ పిల్లను ముట్టుకోవడానికి వీల్లేదని హైమ తేల్చి చెప్పింది.

“నో వ్యాక్సిన్, నో బేబీ. సింపుల్, డాడ్. ఫార్మసీలో ఫైవ్ మినిట్స్.”

“వాళ్లకేం వచ్చో నీకు తెలీదమ్మా. నాకు తెలుసు.”

మనవరాలిని ఎత్తుకోవాలని ఆయన ప్రాణం కొట్టుకుంటోంది. ఎవరూ చూడనప్పుడు ఫోన్లో ఆ పిల్ల ఫొటో పెద్దది చేసుకుని కళ్లు తుడుచుకునేవారు. అయినా పంతం పంతమే.

జీపీ సర్జరీకి, అంటే తమ పేటలోని డాక్టరు క్లినిక్‌కి ఫోన్ చేశారు. రిసెప్షనిస్టు ఇచ్చిన స్లాటు సరిగ్గా ఇండియా క్రికెట్ మ్యాచ్ రోజున పడింది. మ్యాచ్ ఉంటే ఆయన ఇంకే పనీ పెట్టుకోరు, పెట్టుకున్నా చెయ్యరు. రోజు మార్చమన్నారు. మళ్లీ వచ్చే నెలలో గానీ ఖాళీ లేదంది ఆవిడ.

“నేను కన్సల్టెంట్ సర్జన్‌ని” అన్నారు గొంతు పెంచి.

“అయితే దగ్గర్లో ఉన్న ఫార్మసీకి వెళ్లండి సర్. వాళ్లు చక్కగా వేస్తారు.”

చక్కగా అన్న మాటకు రోజంతా ఉడికిపోయారు.

ఈలోగా భార్య అలివేలుమంగ ఆయనకు చెప్పకుండా వీధి చివర ఫార్మసీకి వెళ్లి, టీకా వేయించుకుని, పక్క కొట్లో వంకాయలు కూడా కొనుక్కుని వచ్చింది. సంగతి తెలియగానే డాక్టరుగారు ఆమెను కిటికీ దగ్గరికి లాక్కెళ్లారు. జబ్బ నొక్కి చూశారు. వేళ్లు కదపమన్నారు. పడుకోబోయే ముందు మళ్లీ చూశారు. తెల్లవారగానే లేపి మరీ చూశారు. పెళ్లయిన ఇన్నేళ్లలో తన చెయ్యి ఇంత శ్రద్ధగా పట్టుకోవడం ఇదే మొదటిసారని ఆవిడ ముచ్చటపడింది.

“చీమ కుట్టినట్టు కూడా లేదండీ. మీరూ వెళ్లి రాకూడదూ?” అంది.

వెళ్లారు. ముఖానికి మాస్కు, కనుబొమల దాకా ఉన్నిటోపీ.

“ఇదేమిటండీ, షాపు దోచుకోవడానికి వెళ్తున్నట్టు?”

“జలుబుల రోజులు” అన్నారాయన టోపీ ఇంకాస్త కిందికి లాక్కుంటూ.

ఆ ఫార్మసిస్టు రఘు తెలుగువాడే. మర్యాదగా కుర్చీ చూపించాడు. డాక్టరుగారు కూర్చోలేదు.

“సూది వెయ్యడం ఎక్కడ నేర్చుకున్నావ్?”

“నాటింగ్‌హామ్‌లో కోర్సు చేశానండి. ఆ కోర్సులో...”

మిగతా మాట వినడానికి ఆయన షాపులో లేరు.

ఇంటికొచ్చి అలివేలుమంగ జబ్బ మరోసారి పరీక్షించారు. ఏమైందని అడిగితే, “నాటింగ్‌హామ్‌లో నేర్చుకున్నాట్ట” అన్నారు నేరం చెప్పినట్టు. నాటింగ్‌హామ్ చేసిన పాపమేమిటో ఆవిడకు అంతుపట్టలేదు. ఇంగ్లండులో పేరున్న డాక్టర్లకు ఇలాంటి పట్టింపులు ఉంటాయి కాబోలు అనుకుంది.

రెండు రోజులకు ఆయనే మెత్తబడ్డారు. గ్లాస్గో వెళ్లాక అక్కడి ఫార్మసీలో వేయించుకుంటానన్నారు. స్కాట్లండువాళ్లు పద్ధతైన మనుషులట. ఏ పనైనా వాళ్ల ఊళ్లోనే, వాళ్ల దగ్గరే నేర్చుకుంటారట. అంతకుముందు ఆయన నోట స్కాట్లండు గురించి ఒక్క మంచిమాట విన్నవాళ్లు లేరు.

హైమ ఒప్పుకుంది. టీకా వేయించుకుని రెండు వారాలు పక్కవీధిలో గది తీసుకుని ఉండాలి. ఆ తర్వాతే పిల్ల. వేయించుకుంటుండగా తను వీడియోలో చూడాలి. తండ్రి సంగతి ఆమెకు బాగా తెలుసు.

గ్లాస్గోలో రైలు దిగి నేరుగా ఫార్మసీకే వెళ్లారు. అలివేలుమంగ టీకా వేసే గది తలుపుకి అడ్డంగా నిలబడి ఫోన్ పైకెత్తి పట్టుకుంది. తెర మీద హైమ, ఆమె భుజం మీద దుప్పట్లో చుట్టిన చిన్న ముఖం. ఆ ముఖం చూశాక డాక్టరుగారికి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. మాస్కు మాత్రం ఉంచుకుని, కోటు విప్పి, చొక్కా చెయ్యి పైకి మడిచి, ఎడమ జబ్బ చాపారు.

“కానివ్వమ్మా” అన్నారు, సూది వెయ్యబోయే అమ్మాయి వైపు చూడకుండానే.

ఫార్మసిస్టు పేరు మాయ. పెళ్లయి ఈ మధ్యే ఇంగ్లండు నుంచి ఈ ఊరొచ్చిన గుంటూరు పిల్ల. దూదితో జబ్బ తుడిచింది. సిరంజి చేతిలోకి తీసుకుంది. పేరు సరిచూసుకోవడానికి కంప్యూటర్ వైపు తిరిగి, ఒక్క క్షణం ఆగింది.

“సార్, ఒక్కసారి మాస్కు తీస్తారా?” అని తెలుగులో అడిగింది.

డాక్టరుగారు లేవబోయారు. “కదలొద్దు డాడ్” అంది తెర మీంచి హైమ. అలివేలుమంగ చెయ్యి చాచి ఆయన మాస్కు కిందికి లాగింది.

మాయ ముఖం వెలిగిపోయింది. సిరంజి పట్టుకున్న చేత్తోనే భక్తిగా నమస్కారం పెట్టింది.

“నాటింగ్‌హామ్ కోర్సులో మాకు సూది వెయ్యడం నేర్పడానికి వచ్చింది మీరే కదండీ, ఆ రోజు ఇండియా మ్యాచ్ ఉందని ఒక్కరి చేతా సిరంజి పట్టించకుండానే అందర్నీ పాస్ చేసి పంపించేశారు!”