దొనలో లెక్క

"నలభై రెండు," అంటూ కృపాకుమారి వల పైకెత్తింది. కొండ మీది బండలో ఆరేండ్లుగా ఎండి ఉన్న దొన, ఆ రాతిగుంట, మొన్నటి వానలకు నిండింది. నీళ్ల నిండా గోరంత రొయ్యలు వెల్లకిలా ఈదుతున్నాయి.

ఆమె కాలేజీ సర్వేకు దారి చూపించిన మేకల నల్లమ్మ మాత్రం దూరంగా బండ మీదే నిలబడింది.

"దగ్గరికొచ్చి చూడక్కా."

"నేను రాను మేడమ్. అయినా ఈ కొండ మీదికి అవి యాడనుంచి వచ్చినాయి?"

"యాడనుంచీ రాలేదు. పోయినసారి నీళ్లున్నప్పుడు వీటి తల్లులు గుడ్లు పెట్టి చచ్చిపోయినాయి. ఆ గుడ్లు ఎండుమట్టిలో ఇన్నాళ్లూ బతికే ఉన్నాయి. పోయినసారి ఎప్పుడు నిండిందో రాసుకోవాల."

"ఆరేండ్ల కింద, తొంభై తొమ్మిదిలో. వినాయక చవితి మరుసటి దినం నిండుగా ఉండె."

"అంత బాగా గుర్తుందా?"

"ఆ పొద్దు నేను మేకల యెనక పోయినా. నా బిడ్డ దీంట్లో మునిగి సచ్చిపోయినాది."

నల్లమ్మ మెల్లగా దిగివచ్చి దొన అంచున కూర్చుంది. నీళ్లలోకి వంగి చూసింది.

"అయితే వీటి తల్లులు ఉండె, ఆ పొద్దు."

"ఉండె అక్కా."

కృపాకుమారి రొయ్యలను వేసి దాచడానికి తెచ్చిన స్పిరిట్ సీసాకు మూత పెట్టేసి, వలను నీళ్లలో బోర్లించింది.

నల్లమ్మ నీళ్లలో చెయ్యి పెట్టింది.

"నా బిడ్డ ఒక్కతే పోయిందనుకుంటి మేడమ్, ఇన్నేండ్లూ."