సింకు దాకా రాని ట్యూబు

గ్లాసమ్మను మీటింగు గదిలోకి పిలవడం ఈ పంతొమ్మిదేళ్లలో అదే మొదటిసారి.

తడి చేతులు ఆప్రానుకు తుడుచుకుంటూ వచ్చింది. బల్లకు అటువైపు ఇద్దరు ప్రొఫెసర్లు. ఒకాయన ఫిజిక్సు, ఒకాయన కంప్యూటర్లు. మూడో కుర్చీ బయాలజీ మేడమ్‌ది. ఆవిడకు జ్వరం, రాలేదు. తెర పక్కన మొదటి ఏడాది చదివే ఒక అమ్మాయి నిలబడి ఉంది.

ఆ భవనంలో రేపటి పరిశోధకులను తయారుచేస్తారు. కణం గుట్టు తెలియాలంటే బయాలజీ ఒక్కటే వస్తే చాలదట. అందుకని మొదటి ఏడాది ప్రతి విద్యార్థీ మూడు ల్యాబుల్లోనూ నాలుగేసి నెలలు పనిచేయాలి. చివర్లో ముగ్గురి ముందూ నిలబడి చేసిన పని చూపించాలి. తప్పు తనదని తేలితే సీటు పోతుంది.

ఆ అమ్మాయి పనిలో తప్పు దొరికింది. వరసగా పెట్టిన ట్యూబుల్లో ఒకదాంట్లో నీళ్లు మాత్రమే ఉండాలి. పరీక్షలో అది ఖాళీగా కనిపించాలి. తెర మీద మాత్రం ఆ నీళ్ల ట్యూబు ఎదురుగా కూడా డీఎన్ఏ గీత మెరుస్తోంది. ఇక మిగతా ట్యూబులనూ నమ్మడానికి లేదు.

నీళ్లలోకి డీఎన్ఏ ఎలా వచ్చిందని ఫిజిక్సు సారు అడిగారు. ఆ అమ్మాయి నేల వంక చూస్తూ జవాబిచ్చింది.

"ట్యూబులు సరిగ్గా కడగలేదేమో సార్."

అందుకే గ్లాసమ్మకు కబురు వెళ్లింది.

ఆవిడ అసలు పేరు అక్కడ ఎవరికీ గుర్తులేదు. గాజు సామాను కడుగుతుంది కాబట్టి గ్లాసమ్మ. మూడుసార్లు పంపు నీళ్లు, మూడుసార్లు డిస్టిల్డు నీళ్లు. ఆవిడ కడిగిన బీకరును మళ్లీ చూసుకోనక్కర్లేదని బయాలజీ మేడమ్ అందరికీ చెబుతుంటారు.

ఆ అమ్మాయికి పిపెట్టు పట్టడం నేర్పింది కూడా గ్లాసమ్మే. చేరిన వారంలో చుక్కలు కొలవబోతే చేతులు వణికిపోయేవి. ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లాక, గ్లాసమ్మ గిన్నెలో రంగునీళ్లు పోసి పక్కన కూర్చోబెట్టుకుంది.

"చీమ వీపు మీద వేలు పెట్టినట్టు నొక్కు. ట్యూబు మారితే పిపెట్టు కొనకున్న టిప్పు మార్చు. బద్ధకించావో, నీ కొంప నువ్వే ముంచుకుంటావ్."

ఆ అమ్మాయి పడీ పడీ నవ్వింది. వరండాలో అడుగుల చప్పుడు కాగానే నవ్వు ఆపేసి, "థాంక్స్ గ్లాసమ్మా" అంది, అందరిలాగే.

పొద్దున ఇద్దరూ ఒకే బస్సులో వచ్చేవారు. ఆ అమ్మాయి ఒక స్టాపు ముందే దిగిపోయేది. నడక ఒంటికి మంచిదట. సాయంత్రం గ్లాసమ్మ వెళ్లిపోయాక తర్వాతి బస్సెక్కేది.

"నువ్వే కదమ్మా కడిగేది?" అన్నారు ఫిజిక్సు సారు.

గ్లాసమ్మ తెర వంక చూసింది. ఆ పరీక్షకు వాడేవి వేలి గోరంత ప్లాస్టిక్ ట్యూబులు. సీలు వేసిన ప్యాకెట్లలో కొత్తవి వస్తాయి. ఒక్కసారి వాడి పారేస్తారు. ఏ ట్యూబూ ఏనాడూ సింకు మొహం చూడలేదు. మేడమ్ ఉంటే ఆ మాటకు అక్కడికక్కడే నవ్వేసేవారు. ఒకాయనకు లేజర్లు తెలుసు, ఇంకొకాయనకు లెక్కలు తెలుసు. ట్యూబు సంగతి ఇద్దరికీ తెలీదు.

ఆ అమ్మాయికి తెలుసు. మేడమ్ రారన్న సంగతీ పొద్దున్నే తెలుసు.

అసలు జరిగింది గ్లాసమ్మ కళ్లారా చూసింది. పోయిన వారం ఆ అమ్మాయి హడావుడిలో ఒకే టిప్పును డీఎన్ఏ ట్యూబులోనూ, నీళ్ల ట్యూబులోనూ ముంచింది. మార్చమని సింకు దగ్గర్నుంచే సైగ చేస్తే, విసుక్కుని అటు తిరిగిపోయింది.

"సార్, అసలు ఆ ట్యూబులు..." అని గ్లాసమ్మ మొదలుపెట్టింది.

కంప్యూటరు సారు ఆ అమ్మాయి అడ్మిషన్ ఫారం తిరగేస్తూ పక్కాయన వైపు వంగారు.

"తల్లి లేని పిల్లండీ. ఇదిగో, ఫారంలో రాసింది. సీటు పోతే ఎక్కడికి పోతుంది?"

గొంతు తగ్గించే అన్నారు. కానీ గది చిన్నది.

గ్లాసమ్మ ఆ అమ్మాయి వైపు చూసింది. ఆ అమ్మాయి తెర మీది గీత వైపే చూస్తోంది.

"చెప్పమ్మా. ఆ ట్యూబులు?" అన్నారు ఫిజిక్సు సారు.

గ్లాసమ్మ సారు వైపు తిరిగింది.

"నేనే కడిగాను సార్. ఆ రోజు ఒంట్లో బాగోలేదు. మూడుసార్లు కడగాల్సింది, రెండుసార్లతో సరిపెట్టాను."

ప్రయోగం మళ్లీ చేసి చూపించమని ఆ అమ్మాయికి నెల గడువిచ్చారు. గ్లాసమ్మను రేపట్నుంచి రావద్దన్నారు.

ఆప్రాను, బీరువా తాళాలు అప్పగించడానికి స్టోరుకు వెళ్లింది. సంగతి అప్పటికే అక్కడికి పాకింది. ట్యూబుల ప్యాకెట్లు లెక్కచూసి అందరికీ ఇచ్చేది ఆ స్టోర్ కీపరే. అతనికి ఒళ్లు మండిపోయింది.

"ప్లాస్టిక్ ట్యూబులు నువ్వెప్పుడు కడిగావక్కా? ఒక్క ముక్క అంటే అయిపోయేది కదా. నోట్లో ఏం పెట్టుకున్నావ్? ఆ పిల్ల నీకేమన్నా చుట్టమా?"

"పొద్దుపోతోంది తమ్ముడూ. వెళ్లొస్తా" అంది గ్లాసమ్మ.

వరండాలో ఆ అమ్మాయి స్నేహితురాళ్ల మధ్య నిలబడి ఉంది. ఎవరో భుజం తడుతున్నారు. గ్లాసమ్మ పక్కనుంచే వెళ్లింది. ఆ అమ్మాయి తల వంచి చెప్పుల పట్టీ సరిచేసుకుంది.

ఇంటికొచ్చి బియ్యం కడిగింది. చెయ్యి దానంతటదే మూడు నీళ్లు పోసింది. అన్నం ఉడికింది. తర్వాతి బస్సు వచ్చే వేళయింది.

గ్లాసమ్మ వీధి తలుపు గడియ తీసి, రెండు కంచాలు పెట్టుకుని కూర్చుంది, ఫారంలో తల్లి లేదని రాసిన తన కూతురి కోసం.