పెట్టెలో లేని పనిముట్టు

"కర్ల్‌ని ఎవరు పీకేశారు?"

ల్యావ్ మేనేజర్ కేకకి తైపేలోని ఆ ఆఫీసంతా ఉలిక్కిపడింది.

"నేనే సార్," అంది యున్‌రు, కుర్చీలోంచి లేవకుండానే.

గోడమీది పెద్ద తెరనిండా ఎర్ర గీతలు. అన్నింట్లోనూ ఒకటే మాట: 'కర్ల్ కమాండ్ దొరకలేదు.' ఆస్పత్రి టోకెన్లిచ్చే ప్రోగ్రామునీ, దాని సరంజామానీ కలిపి మూటగట్టిన కంటైనర్ మొర అది. యున్‌రు దాన్ని పెట్టె అంటుంది. అక్కర్లేనివన్నీ ఏరి పారేసి తనే నాజూగ్గా తయారుచేసింది. ఇంత చిన్న పెట్టె ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేదని ఆమెకి గర్వం. ఉండదూ మరి!

"ఆస్పత్రి వాళ్ళు కింద లిఫ్ట్ దగ్గరున్నారు. ఈ ఎరుపు చూశారంటే కాంట్రాక్టు గల్లంతే!"

పక్క సీటు బో-షున్ మూలనున్న సర్వరు దగ్గరికెళ్ళి, మిషన్లు మాట వింటాయన్న నమ్మకంతో దాని నెత్తిమీద పెట్టిన ఆకుపచ్చ చిరుతిండి ప్యాకెట్టు తిప్పి చూశాడు.

"సార్, తేదీ దాటిపోయింది! మిషను మొరాయించదూ మరి?"

మేనేజర్ మొహం పాలిపోయింది. "పరిగెత్తు! ఆకుపచ్చదే తేవాలి. పసుపుది అపశకునం, తెచ్చావో, చంపేస్తా!"

బో-షున్ పరుగో పరుగు. మేనేజర్ కీబోర్డు లాక్కుని, పెట్టెలోకి దూరి, స్వయంగా 'కర్ల్' అని కొట్టాడు. దొరకలేదంది పెట్టె.

"బయటినుంచి ఫైలు తెచ్చుకునే పాటి పనిముట్టు కూడా లేదా? వెంటనే పెట్టు."

"పెట్టను సార్."

"ఏంటీ?"

"టోకెన్లు ఆగాయా? ఒక్క రోగైనా ఫోన్ చేశాడా? నా ప్రోగ్రాముకి దాంతో పనిలేదు. పనిలేనిది నా పెట్టెలో ఉండదు."

"అబ్బో, ఏం పొగరు! పనిలేకపోతే పొద్దుట్నుంచీ ఎందుకడుగుతోంది? పెడతావా, సీటు ఖాళీ చేస్తావా?"

ఆ సీటంటే యున్‌రుకి ప్రాణం. అయినా మేనేజర్ అడిగిందీ నిజమేగా, ఎందుకడుగుతోంది? ఒక ఎర్ర గీత తెరిచి చూసింది. తర్వాత ఇంకొకటి. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. గబగబా ఏదో కొట్టింది. ఎరుపు టక్కున ఆగిపోయింది.

అప్పుడే లిఫ్ట్ తెరుచుకుంది. ఆస్పత్రి వాళ్ళ వెనకే బో-షున్, చేతిలో ఆకుపచ్చ ప్యాకెట్టుతో రొప్పుతూ.

"చూశావా?" మేనేజర్ ఆమె చెవి దగ్గర గుసగుసగా దెప్పాడు. "ప్యాకెట్టు గుమ్మంలోకి రాగానే ఎరుపు పోయింది. నీ పెట్టె కన్నా అదే నయం. ఇకనైనా కర్ల్ పెట్టు."

యున్‌రు తలెత్తి నవ్వింది.

"దాన్ని అడిగింది మన ప్రోగ్రాము కాదు సార్. సందు చూసుకుని లోపలికి దూరి, తన సరుకు బయటినుంచి దింపుకోబోయిన దొంగ. ఆ సందు ఇప్పుడే మూసేశాను. మీకు చెప్పిన జవాబే వాడికీ చెప్పింది నా పెట్టె."