పిట్టకాలి ఉంగరాలు

"సంచీలో ఏంటి పెద్దాయనా, గలగలమంటోంది?" మ్యూజియం గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డం పడ్డాడు.

"ఉంగరాలు బాబూ."

వాచ్‌మన్ కళ్ళు పెద్దవయ్యాయి. సంచీ మూతి విప్పి చూశాక మళ్ళీ మామూలయ్యాయి. అవి వేలికి పట్టేవి కావు. పిట్టల కాళ్ళకు తొడిగే రేకు ఉంగరాలు. ఒక్కోదాని మీదా సన్నటి అంకెలు, పక్కన ఈ మ్యూజియం పేరు.

"డైరెక్టరు గారి చేతికివ్వాలి."

"ఆయన మీటింగులో ఉన్నారు. ఎదురుగా టీ కొట్టుంది, పోయి కూర్చో."

డైరెక్టరు గారున్నది మీటింగులో కాదు, మేడ మీద బకెట్ల మధ్య. కప్పు కారుతోంది. కొంగల అద్దాల బీరువా తడవకుండా బకెట్ ఎక్కడ పెట్టాలన్న విషయం మీద మేస్త్రీతో వాదిస్తున్నారు. మేస్త్రీయే గెలిచేలా ఉన్నాడు.

ఒకప్పుడు ఆయన మోకాలిలోతు బురదలో తెల్లవార్లూ నిలబడిన మనిషి. చలికాలంలో చెరువులకు వలస వచ్చే ఉల్లంకిపిట్టలను పట్టి, కాలికి ఉంగరం తొడిగి వదిలేసేవారు. చలికాలం పోగానే అవి ఎటో ఎగిరిపోతాయి. ఎటు? ఏ దారిన? ఎక్కడైనా ఎవరికైనా ఒక ఉంగరం దొరికి, ఫలానా చోట దొరికిందని చెబితే తప్ప తెలియదు. ఆ ఒక్క సంగతి తేల్చుకోవాలనే ఉద్యోగంలో చేరారు. బాగా పనిచేస్తున్నారని డైరెక్టరును చేశారు. దాంతో పిట్టల మొహం చూసే తీరిక పోయింది.

ఇన్నేళ్ళలో తిరిగొచ్చిన ఉంగరాలు రెండు. ఆ రెండు పిట్టలనూ తిన్నది పక్కవీధి పిల్లి.

"పెళ్ళయ్యాక నాకో ఉంగరం కొన్న పాపాన పోలేదు. ఊరి మీద పిట్టలన్నిటికీ తొడిగొచ్చారు. ఒక్కటైనా తిరిగి చూసిందా?" అని ఆయన భార్య అప్పుడప్పుడూ అడుగుతుంది.

ఆయనకు నెలాఖరుకి రిటైర్మెంటు.

సాయంత్రం తడిసిన చొక్కాతో ఆయన కుర్చీలో కూలబడేసరికి పెద్దాయన లోపలికొచ్చాడు. సంచీని బల్ల మీద బోర్లించాడు.

గుప్పెడు కాదు, దోసెడు.

డైరెక్టరు గారు బల్ల మీదికి వంగారు. "ఇవి ఎక్క..." అనబోయి ఆగిపోయారు. ఉంగరం ఊడి చేతికి రావాలంటే ముందు పిట్ట చావాలి.

"అంటే, ఇన్ని పిట్టలూ పోయాయన్నమాట."

"పోయాయండీ."

"ఏరికోరి మీ గుమ్మం ముందుకొచ్చి పోయాయి కాబోలు!"

"అక్కడేనండీ. పొద్దున్నే తలుపు తీసేసరికి పడి ఉండేవి."

వేటగాళ్ళ మీద సాక్ష్యం చెప్పడానికి కోర్టుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగిన మనిషి డైరెక్టరు గారు. చీకట్లో దీపం పెట్టి, వెలుగుకు వచ్చిన పిట్టల మీద వలేసే రకం మనుషులను ఎంతమందిని చూడలేదు!

"రాత్రిళ్ళు దీపం పెట్టేవాడివి, అవునా?" మీరు కాస్తా నువ్వయింది.

పెద్దాయన ముఖం వెలిగింది. "ఒక్క రాత్రి కూడా మానలేదండీ. జ్వరమొచ్చినా సరే."

"పైగా గొప్పలొకటి! పోలీసులను పిలవనా, నీ అంతట నువ్వు పోతావా?"

"మీరేదో పొరబడ్డట్టున్నారు..."

"ఇన్నేళ్ళూ నేను తొడుక్కుంటూ పోయాను, నువ్వు ఒలుచుకుంటూ పోయావు. వెళ్ళవయ్యా. పోట్లాడే ఓపిక కూడా లేదు నాకు."

పెద్దాయన ఖాళీ సంచీ మడిచాడు.

"మీ వస్తువులు మీకు చేర్చాలని వచ్చానండీ," అని, దాన్ని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

డైరెక్టరు గారు ఒక్కో ఉంగరాన్నీ దగ్గరగా పెట్టుకుని చూశారు. ఈ అంకె తను ఉద్యోగంలో చేరిన ఏటిది. ఇదేమో పెద్దమ్మాయి పుట్టిన ఏటిది. పురుడు రోజున ఆస్పత్రిలో ఉండాల్సిన మనిషి చెరువులో ఉన్నందుకు భార్య ఈనాటికీ దెప్పుతుంది.

ఉన్నట్టుండి ఆయన చెయ్యి ఆగింది.

ఎక్కడ దొరికిందో తెలియని ఉంగరం వట్టి రేకుముక్క. వేటగాడైతే మాత్రం, ఎక్కడ పట్టావని అడగొద్దూ!

మెట్లు దిగి పరుగెత్తారు. ఆ వయసులో దాన్ని పరుగనే అనాలి.

"ఆ పెద్దాయనేడి?"

"బస్సెక్కేశాడు సార్," అన్నాడు వాచ్‌మన్.

"ఏ బస్సు?"

"వచ్చిన బస్సు సార్."

డైరెక్టరు గారు రోడ్డు దాటారు. టీ కొట్టావిడ గ్లాసులు కడుగుతోంది.

"ఏమ్మా, ఇందాక ఇక్కడ కూర్చున్న పెద్దాయన ఏ ఊరికి పోతున్నాడు?"

"కూతురింటికట సార్. పనిలోంచి ఇంటికి పంపేశారట. అక్కడ ఇప్పుడంతా మిషన్లే చేసుకుంటాయట, మనిషితో పని లేదట."

"కూతురిది ఏ ఊరు?"

"నేనడగలేదు. మీకోసం వచ్చిన మనిషి కదా, మీరే అడిగుంటారనుకున్నా."

ఆయన బెంచీ మీద కూర్చుండిపోయారు. అడక్కుండానే ఆవిడ టీ పోసిచ్చింది.

"పరీక్షకు పోయే పిల్లాడిలా ఒకటే అప్పజెప్పుకున్నాడు సార్. ఈ ఉంగరం ఫలానా చోట, ఆ ఉంగరం ఫలానా చోట అని, నాకొక్క పేరూ గుర్తులేదనుకోండి. మీ ముందు మర్చిపోతానేమోనని ఒకటే కంగారు."

"వేటగాడికి అంత జ్ఞాపకమా?" అన్నారు డైరెక్టరు గారు నీరసంగా.

"వేటగాడేంటి సార్! నడిసముద్రంలో కొన్నాళ్ళు ఒక రాతిదిబ్బ మీద, కొన్నాళ్ళు ఇంకో రాతిదిబ్బ మీద ఒంటరిగా లైట్‌హౌస్ కాపలా కాసి, ఆ దీపానికి గుద్దుకుని పడ్డ పిట్టల్లో కొనఊపిరున్నవాటికి నీళ్ళు పట్టి ఎగరేసి, పోయినవాటి ఉంగరాలు మాత్రం, పాపం వీటికోసం ఎక్కడో ఎవరో ఎదురుచూస్తుంటారని దాచుకుంటూ వచ్చిన మనిషట."