ఏడడుగుల వేదాంతం

"ఏడడుగుల వేదాంతం కావాలండి. ఎర్ర అట్టలవే చూడండి, మా సోఫాకి మేచ్ అవ్వాలి."

రాజమండ్రి పాత పుస్తకాల కొట్లో దొరబాబు అడిగిన తీరు అది. చేతిలో కొలత టేపు కూడా ఉంది.

భీమవరంలో రొయ్యల మేత వ్యాపారం. కొత్త మేడ. హాల్లో అద్దాల గోడబీరువా. బీరువా నిండాలి, అంతే.

ద్రాక్షారామం వైపు ఓ మఠం మూసేస్తే వచ్చిన కట్టలు చూపించాడు కొట్టాయన. అన్నిటికీ ఎర్ర అట్టలే. మధ్యలో దొరికిన ఓ కాగితం కొసరుగా ఇచ్చాడు. నల్లసిరా, ముత్యాల్లాంటి అక్షరాలు.

'నాది అన్నదే లేనప్పుడు, పోయేదేముంది?'

"ఎవరు రాశారండి?"

"ఎవరో యోగి అయ్యుంటాడండి."

భీమవరం చేరేసరికి 'అయ్యుంటాడు' పోయింది, హిమాలయాలు వచ్చి చేరాయి. దొరబాబు ఆ కాగితానికి పటం కట్టించి, హాల్లో గోడకి తగిలించి, రోజూ అగరొత్తులు వెలిగించేవాడు.

పుస్తకాలకి తేమ తగలకూడదని చేపల తొట్లు చేసేవాణ్ణి పిలిపించి, బీరువా అద్దాల అంచులన్నీ గమ్ముతో మూయించాడు. అసలే ఆషాఢం. లోపలి తేమ లోపలే ఉండిపోయింది.

"మళ్ళీ తియ్యడానికి రాదేమోనండి," అంది భార్య సత్యశ్రీ.

"తియ్యడం దేనికే? చదువుతావా ఏంటి?"

శ్రావణంలో ఓ ముసలావిడ వచ్చింది. వెలిసిన నేతచీర, చంకలో గుడ్డసంచి.

"మఠం పుస్తకాలు మీ దగ్గరున్నాయట కదా బాబూ! ద్రాక్షారామం సత్రం నించి కోటిపల్లి రేవు దాటి, మూడు బస్సులు మారి వచ్చాను."

వరండా కిటికీలోంచి చూసి ఉలిక్కిపడింది.

"అయ్యో, ఇలా బిగించేశారేంటి! వానాకాలం వాటికి ఊపిరాడాలి బాబూ. నీడన ఆరబెట్టి, పురుగు పట్టకుండా వసకొమ్ము పెట్టి వెళ్తాను. డబ్బులేం వద్దు."

"డబ్బులొద్దన్నవాళ్ళే బంగారం పట్టుకుపోతారు! అసలు ఎవరు నువ్వు?"

"మాణిక్యాంబ అంటారు."

"పేరడగలేదు. నా ఇల్లు, నా బీరువా, నా పుస్తకాలు! మధ్యలో నీకేంటి?"

ఆవిడ దొరబాబు తలమీదుగా లోపల గోడ మీది పటం వైపు చూసింది. చిన్నగా నవ్వి వెళ్ళిపోయింది.

భాద్రపదంలో మళ్ళీ వచ్చింది.

"ఈసారి చెయ్యి పట్టుకు లాగి బయట పడెయ్!" అని వాచ్‌మన్‌కి చెప్పాడు దొరబాబు. వాడు అదే చేశాడు. గుడ్డసంచి రోడ్డు మీద పడి, వసకొమ్ములు బురదలో దొర్లాయి.

ఏరివ్వడానికి వెళ్ళిన సత్యశ్రీ చేతిలో ఆవిడ ఓ చిన్న మూట పెట్టింది.

"ఏం చెయ్యాలో చీటీ రాసి పెట్టానమ్మా. ఆయన కోపం చల్లారాక చూపించు."

మొగుడి కోపం ఎప్పుడు చల్లారిందని! మూట విప్పకుండానే పోపులపెట్టె వెనక దాచేసింది సత్యశ్రీ.

కార్తీకంలో ఓ ప్రవచనాల పంతులుగారు భోజనానికి వచ్చారు. బీరువా చూసి ముచ్చటపడ్డారు.

"ఏదీ, ఓ పుస్తకం తియ్యండి."

దొరబాబు కత్తితో గమ్ము కోసి, ఓ పుస్తకం లాగాడు. అట్ట చేతికొచ్చింది. లోపలిదంతా మట్టిలా రాలింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఏడడుగుల పొడుగునా ఎర్ర అట్టలు మిగిల్చి, వేదాంతమంతా చెదలు తినేశాయి.

"ఆ ముసల్దాని నోటి చలవే ఇది!" అని రంకెలేశాడు దొరబాబు.

"నోటితోనే కదండీ ముందే చెప్పింది," అంది సత్యశ్రీ. పెళ్ళయ్యాక ఆవిడ ఎదురు మాట్లాడడం అదే మొదలు.

ఆ ముసలావిణ్ణి పిలిస్తే అట్టల దగ్గర నాలుగు కాగితాలైనా దక్కుతాయేమోనని మర్నాడు ఒక్కతే ద్రాక్షారామం సత్రానికి వెళ్ళింది. సత్రం గుమస్తా తల దించుకున్నాడు.

"మాణిక్యాంబ గారి పన్నెండో రోజు నిన్ననే అయిందండి. భీమవరం నించి వచ్చింది లగాయతు మంచం దిగలేదు. వానొస్తే చాలు, పుస్తకాలు, పుస్తకాలు అని ఒకటే గొడవ."

ఇంటికొచ్చి మూట విప్పింది. నాలుగు వసకొమ్ములు, మడత పెట్టిన చీటీ.

'వారానికోసారి తలుపులు తియ్యండి. ఎండ తగలనివ్వకండి.'

సత్యశ్రీ హాల్లోకి నడిచి, అగరొత్తులు గుచ్చుతున్న మొగుడి ముందే ఆ చీటీని పటానికి ఆనించి పట్టింది.

నల్లసిరా అదే, ముత్యాల్లాంటి అక్షరాలూ అవే; గేటు దగ్గర పట్టి లాగించిన చెయ్యీ అదే.